‘కొద్ది రోజులు మాత్రమే’ – కొత్త తినుబండారాల విషయంలో మన వైఖరి

ఏలూరులో ఒక జుమా నమాజు తర్వాత కొల్లేటికోట వైపు నుంచి వచ్చిన ఒక సోదరుడు నన్ను పక్కకు పిలిచారు. చేపల చెరువుల మీద పని చేసుకుని బతికే మనిషి. ఆయన కూతురు పట్టణంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఒక రోజు స్నేహితురాళ్ళతో కలిసి బర్గర్ దుకాణానికి వెళ్ళింది. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘కొత్త రుచి – పది రోజులు మాత్రమే’ అని రాసి ఉంది. అందరూ అదే తీసుకున్నారు. ఆ అమ్మాయి కూడా తిన్నది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తల్లితో, “అమ్మీ, అందులో ఏముందో నేను అడగలేదు. అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారేమో అనిపించింది” అని చెప్పుకుంది. తండ్రి విని గట్టిగా కసురుకున్నారు. మళ్ళీ ఆ దుకాణం గడప తొక్కవద్దన్నారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల బయట ఏం తిన్నదో ఇంట్లో చెప్పడం మానేసింది.

“భాయ్ సాబ్, ఆమె తిన్నది తప్పా? నేను అన్నది తప్పా?” అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. మన పట్టణాల్లో పిజ్జా, బర్గర్, వేయించిన కోడి దుకాణాలు వచ్చాయి. ప్రతి కొద్ది నెలలకూ ఏదో ఒక కొత్త వంటకం వస్తుంది, కొన్నాళ్ళుండి పోతుంది. పిల్లల ఫోన్లలో దాని ఫోటోలు తిరుగుతాయి. ‘మనమూ ఒకసారి తిని చూద్దాం’ అని పిల్లలు అడుగుతారు. ఒక ఇంట్లో ఏమీ అడగకుండా కొనిపెడతారు. మరో ఇంట్లో ఏమీ ఆలోచించకుండా హరామ్ అనేస్తారు. ఈ రెండూ ఇస్లాం నేర్పిన పద్ధతులు కావు. మరి ఇస్లాం నేర్పిన పద్ధతి ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

కొత్తది అయినంత మాత్రాన నిషిద్ధం కాదు

భూమిలో ఉన్న వాటిలో ధర్మసమ్మతమైనవీ, పరిశుద్ధమైనవీ తినమని దివ్యఖుర్ఆన్ మానవులందరినీ ఉద్దేశించి బోధిస్తుంది (అల్ బఖరా – 168). తినే వస్తువుల్లో మూలసూత్రం అనుమతి. నిషిద్ధమైనవి కొన్నే. చచ్చిన జంతువు, రక్తం, పందిమాంసం, అల్లాహ్ పేరున కాక ఇతరుల పేరున అర్పించబడినది – ఇవి స్పష్టంగా పేర్కొనబడ్డాయి (అల్ మాయిదా – 3). మత్తు పదార్థాల నిషేధం కూడా అంతే స్పష్టం. తగిన ఆధారం లేకుండా నోటికి వచ్చినట్లు ఇది హలాల్, అది హరామ్ అని తీర్పులు చెప్పవద్దని కూడా ఖుర్ఆన్ హెచ్చరిస్తుంది (అన్ నహ్ల్ – 116). కాబట్టి ‘మా చిన్నప్పుడు ఇది లేదు’ అన్నది హరామ్ అనడానికి ఆధారం కాజాలదు.

కొత్త తిండి ఎదురైనప్పుడు ఎలా నడుచుకోవాలో దైవప్రవక్త (స) జీవితంలోనే చక్కని ఉదాహరణ ఉంది. ఒకసారి విశ్వాసుల మాత హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో ఆయన ముందు కాల్చిన ‘దబ్’ మాంసం ఉంచబడింది. దబ్ అరేబియా ఎడారిలో తిరిగే ఒక రకం బల్లిజాతి జీవి. మన హదీసు అనువాదాల్లో దీన్ని ఉడుము అని రాస్తారు. (అయితే మన ప్రాంతపు ఉడుము వేరే జాతి. దాన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.) ఆ మాంసం నజ్ద్ ప్రాంతం నుంచి వచ్చింది. దైవప్రవక్త (స) చెయ్యి చాచబోతుండగా, అదేమిటో ఆయనకు తెలియజేయమని ఆ ఇంటి స్త్రీలు అన్నారు. తెలిసిన వెంటనే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అక్కడే ఉన్న హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి), ఇది హరామా అని అడిగారు. కాదని, అయితే తన జాతివారి నేలలో ఇది ఉండదు కనుక తనకు ఇష్టం కలగడం లేదని ఆయన (స) జవాబిచ్చారు. అప్పుడు ఖాలిద్ (రజి) ఆ పళ్ళెం తన వైపుకు లాక్కుని తిన్నారు. దైవప్రవక్త (స) చూస్తూనే ఉన్నారు, వారించలేదు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దబ్ విషయంలో హనఫీ పండితులు ఇతర ఉల్లేఖనాల ఆధారంగా దాన్ని తినకపోవడమే సరైనదన్నారు. కాని ఇక్కడ మనం నేర్చుకోవలసినది దబ్ గురించి కాదు.

ఈ చిన్న సంఘటనలో నాలుగు పాఠాలున్నాయి. తినబోయే వాడికి అది ఏమిటో ముందుగా తెలియాలి. తెలియజేయడం ఇంటివారి బాధ్యత. నాకు నచ్చకపోవడం వేరు, నిషిద్ధం కావడం వేరు. ఇక చివరిది, అనుమతించబడిన దాన్ని మరొకరు తింటుంటే ముఖం చిట్లించరాదు. దైవప్రవక్త (స) ఏనాడూ తిండికి వంక పెట్టలేదని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు.

మరో సంఘటన. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మంది సముద్రతీరానికి పంపబడ్డారు. ఆహారం అయిపోయి చెట్ల ఆకులు రాల్చుకుని తినే స్థితి వచ్చింది. అప్పుడు వారు ఎన్నడూ చూడని పెద్ద చేప ఒకటి ఒడ్డున పడి కనిపించింది. అది చచ్చిన జంతువు కదా అని అబూ ఉబైదా (రజి) మొదట సందేహించారు. తర్వాత అందరూ చాలా రోజులు దాన్నే తిన్నారు. మదీనాకు తిరిగి వచ్చాక విషయం చెబితే, అది అల్లాహ్ ప్రసాదించిన ఆహారమని దైవప్రవక్త (స) తెలిపి, మిగిలినది ఉంటే తెమ్మని తానూ తిన్నారు. సందేహం రావడం తప్పు కాదు. సందేహించి, ఆలోచించి, వచ్చాక పెద్దలను అడగడమే విశ్వాసి పద్ధతి.

తొందర ఎవరిది?

కొద్ది రోజులే దొరికే తిండి మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. వేసవిలో తాటిముంజలు వస్తాయి, పోతాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ పులస వస్తుంది. ఆ కొద్ది వారాలు దాటితే ఎంత డబ్బు పెట్టినా దొరకదు. కొల్లేటికోటలో ఏటా ఫాల్గుణ మాసంలో జరిగే జాతరలో దుకాణాలు వెలుస్తాయి, జాతరతోపాటే లేచిపోతాయి.

అయితే పులసకూ, గోడ మీది బోర్డుకూ ఒక తేడా ఉంది. పులస రాకపోకలను నిర్ణయించినవాడు సృష్టికర్త. బోర్డు మీద పది రోజులని రాసినవాడు వర్తకుడు. అతని గడువుకు కారణం వాతావరణం కాదు, వ్యాపారం. గడువు దగ్గరపడితే మనిషి ఆలోచించడం తగ్గిస్తాడని అతనికి తెలుసు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1981లో మెక్‌రిబ్ అనే పందిమాంసపు వంటకాన్ని తెచ్చింది. 2005లో దానికి ‘వీడ్కోలు’ అని ప్రకటించి అమ్మింది. 2006లో, 2007లో మళ్ళీ అదే వీడ్కోలు. ఆ తర్వాత కూడా అది తిరిగి వస్తూనే ఉంది. ఆ వంటకంతో మనకు పని లేదు. కాని ‘ఇదే చివరి అవకాశం’ అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొత్తది అయినంత మాత్రాన నిషిద్ధం కానట్లే, గడువు దాటిపోతుందన్నంత మాత్రాన విచారించవలసిన బాధ్యత తప్పిపోదు. ఈ పాఠం సారాంశం ఇదే.

ఐదో కాంటూరు దగ్గర మేసే పశువు

హలాల్ స్పష్టంగా ఉంది, హరామ్ స్పష్టంగా ఉంది, ఆ రెంటి మధ్య చాలామందికి తెలియని సందేహాస్పద విషయాలున్నాయని హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు బోధిస్తుంది. వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ, గౌరవాన్నీ కాపాడుకుంటాడు. వాటిలో పడినవాడు రాజు కేటాయించుకున్న పచ్చికబయలు అంచున పశువులను మేపే కాపరి లాంటివాడు. పశువు ఎప్పుడో ఒకప్పుడు లోపలికి అడుగు పెట్టేస్తుంది.

కొల్లేరు వారికి ఈ ఉపమానం విడమర్చి చెప్పనక్కరలేదు. 1999లో ఐదో కాంటూరు వరకు సరస్సు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. గీత ఎక్కడుందో పట్టించుకోకుండా లోపల తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెగ్గొట్టించింది. గీత ఎక్కడుందని ముందే అడిగినవాడికి నిద్ర పట్టింది. తర్వాత చూసుకుందాంలే అనుకున్నవాడి పెట్టుబడి నీటిపాలైంది.

కొత్త వంటకంలో గీత ఎక్కడుంటుంది? ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ‘ఆ దుకాణంలో అంతా హలాలేనట’ అని ఎప్పుడో ఎవరో చెప్పిన మాటను పట్టుకుంటారు. ఆ మాట అప్పటి వంటకాల గురించి చెప్పినది. కొద్ది రోజుల కోసం వచ్చే వంటకంతోపాటు కొత్త మాంసం, కొత్త సాస్, కొత్త జున్ను, కొత్త సరఫరాదారు రావచ్చు. అందుచేత కొత్తది వచ్చిన ప్రతిసారీ ప్రశ్న కూడా కొత్తగా అడగాలి.

అడగవలసినవి

మొదటిది, మాంసం. ఏ జంతువుది, ఎవరు జిబహ్ చేసినది, హలాల్ ధ్రువపత్రం ఉందా, ఉంటే ఈ వంటకానికీ వర్తిస్తుందా అని అడగాలి. పేర్లు తెలుసుకోవడం కూడా అవసరం. హ్యామ్ అంటే మామూలుగా పంది తొడ మాంసం. బేకన్ కూడా సాధారణంగా పందిదే. పెప్పరోని, సలామి అనేవి ఇతర దేశాల్లో ఎక్కువగా పందిమాంసంతోనో, ఆవు–పంది మాంసాల మిశ్రమంతోనో చేస్తారు. మన దేశంలో ఇవే పేర్లతో కోడిమాంసంవీ దొరుకుతాయి. కాబట్టి పేరు విని పారిపోనవసరం లేదు, పేరు విని నమ్మేయనవసరమూ లేదు. అడగాలి.

రెండవది, వేయించే నూనె, కాల్చే పెనం. హలాల్ కానిది వేయించిన నూనెలోనే మనదీ వేస్తున్నారా అన్నది చూడాలి.

మూడవది, కంటికి కనిపించనివి. కొన్ని సాస్‌లలో వైన్ వాడతారు. మెత్తటి మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. ఎర్రరంగు కోసం వాడే కార్మైన్ (ఐ.ఎన్.ఎస్. 120) ఒక పురుగు నుంచి వస్తుంది. ఐ.ఎన్.ఎస్. 471 అనే పదార్థం మొక్కల కొవ్వు నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే అందులో మాంసం, గుడ్డు, జెలటిన్ లాంటివి లేవని అర్థం. ఇది మనకు ఉపయోగపడే గుర్తే. కాని అది మద్యం గురించి ఏమీ చెప్పదని గుర్తుంచుకోవాలి.

నాలుగవది, నీటిలోని జీవులు. ఈ ప్రాంతం వారికి ఇది ముఖ్యం. కొర్రమీను, వాలుగ, శీలావతి, బొచ్చె – వీటి విషయంలో ఏ సందేహమూ లేదు. బయటి దేశాల నుంచి వచ్చి మన చెరువుల్లో పెరుగుతున్న రూప్‌చంద్ కూడా చేపే. 2009లో అనుమతి పొంది మన ప్రాంతమంతా వ్యాపించిన వనామీ లాంటి రొయ్యల విషయంలో హనఫీ పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. చాలామంది అనుమతించారు, కొందరు మానడం మేలన్నారు. పీతలు, కలమారి (ఇది ఒక సముద్రజీవి పేరు; ఉంగరాల్లా కోసి వేయిస్తారు) హనఫీ మతం ప్రకారం తినరాదు. షాఫయీ తదితర పండితులు అనుమతించారు. ఎవరి పద్ధతి వారు పాటిస్తూ, ఇంకొకరిని నిందించకుండా ఉండాలి. ఇక రోడ్డు పక్కన ఎవరైనా ‘కొల్లేటి పిట్ట, ఈ రోజు స్పెషల్’ అని చెవిలో చెబితే అక్కడి నుంచి లేచి రావాలి. అభయారణ్యంలో పక్షుల వేట నేరం. దొంగతనంగా వచ్చినది మన పళ్ళెంలో శుభాన్ని తీసుకురాదు.

కొందరు ఒక హదీసును అడ్డం పెట్టుకుని, బిస్మిల్లాహ్ అని చెప్పుకుని ఏదైనా తినవచ్చంటారు. కొందరు తెచ్చి ఇచ్చే మాంసం మీద అల్లాహ్ పేరు చెప్పారో లేదో తెలియడం లేదని ప్రజలు అడిగితే, మీరు అల్లాహ్ పేరు చెప్పుకుని తినండని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నిజమే. కాని ఆ మాంసం తెచ్చినవారు కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. ముస్లిం సోదరుని విషయంలో అనవసరపు అనుమానం వద్దని ఆ హదీసు నేర్పుతుంది. ఎవరు కోశారో, ఏది కోశారో తెలియని దానికి అది అనుమతిపత్రం కాదు. జవాబు తృప్తికరంగా లేకపోతే కూరగాయలతో చేసినదో, చేపతో చేసినదో తీసుకోవచ్చు. మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

అడగడం సిగ్గు కాదు

ఆ అమ్మాయిని ఆపినది అజ్ఞానం కాదు, సిగ్గు. ఈ సిగ్గు పోగొట్టడానికి ఒక నిజమైన సంగతి చెబుతాను. 1962లో అమెరికాలోని సిన్సినాటీ నగరంలో లూ గ్రోయెన్ అనే ఆయన మెక్‌డొనాల్డ్స్ దుకాణం నడిపేవారు. ఆ పేటలో ఎక్కువమంది కాథలిక్కులు. తమ ఉపవాస దినాల్లో శుక్రవారం మాంసం ముట్టేవారు కాదు. ఆ రోజు దుకాణంలో అమ్మకాలే ఉండేవి కావు. చేపతో బర్గర్ చేస్తానని ఆయన అడిగారు. సంస్థ అధిపతి రే క్రాక్ అనాసపండు ముక్కతో మరొకటి ప్రతిపాదించారు. గుడ్ ఫ్రైడే రోజున రెండూ అమ్మకానికి పెట్టారు. గ్రోయెన్ తర్వాత చెప్పిన లెక్క ప్రకారం చేపది 350, అనాసది 6 అమ్ముడుపోయాయి. ప్రపంచమంతటా దొరికే ఆ చేప బర్గర్ అలా పుట్టింది.

1996లో అదే సంస్థ మన దేశంలో అడుగు పెట్టినప్పుడు ఆవు మాంసం, పంది మాంసం రెండూ లేకుండానే తన వంటకాలను తయారుచేసుకోవలసి వచ్చింది. వర్తకుడి పట్టికను మార్చేది కొనేవారి నియమమే. సామాన్యులైన కొందరు శుక్రవారం మాంసం మానినందుకే అంత పెద్ద సంస్థ వంటకం మార్చుకుంది. అలాంటప్పుడు మన పిల్ల కౌంటర్ దగ్గర నిలబడి ‘ఇందులో ఏముందండీ?’ అని మర్యాదగా అడిగితే ఎవరు నవ్వుతారు? నవ్వినా అల్లాహ్ సన్నిధిలో ఆ నవ్వు ఎవరికి నష్టం?

మన హలీమ్ మాటేమిటి?

ఇతరుల బోర్డులను విమర్శించి మన బోర్డును మరచిపోవడం న్యాయం కాదు. రమజాన్ నెలలో వెలిసే హలీమ్ బట్టీ కూడా కొద్ది రోజుల వంటకమే. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఆ పేరుతో దుకాణాలు పెడుతున్నారు. సంతోషమే. కాని బోర్డు మీద నెలవంక గీసినంత మాత్రాన లోపలి మాంసం హలాల్ అయిపోదు. అక్కడా అదే ప్రశ్న అడగాలి. హలీమ్ వరుసలో నిలబడి మగ్రిబ్ నమాజు పోగొట్టుకుంటే, ఉపవాసం నేర్పిన నిగ్రహం ఎటు పోయినట్లు?

ఖర్చు విషయం కూడా అంతే. పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి ప్రాంతంలో ఒక సామెత ఉంది. సరదాకు చెప్పుకోవడానికి బాగుంటుంది. తినండి, తాగండి, మితిమీరకండి అన్న అర్థం వచ్చే ఖుర్ఆన్ బోధన (అల్ ఆరాఫ్ – 31) మాత్రం సరదా మాట కాదు. చెరువు మీద రోజు కూలికి వెళ్ళే తండ్రి సంపాదన ఒక పూట కొత్త రుచికి పోతుంటే ఆ సంగతి పిల్లలకు తెలియాలి. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అని దైవప్రవక్త (స) నేర్పారు. పెద్ద సైజు కొంటే శీతలపానీయం ఉచితమనే బోర్డు దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో లాగుతుంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇలాంటి తిండిలో ఉప్పు, కొవ్వు ఎక్కువ. కాబట్టి హలాల్ అని తేలిన తర్వాత కూడా ఎప్పుడో ఒకసారి, నలుగురితో పంచుకుని తినడమే మంచిది. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికీ ఇవ్వమని నేర్పిన ధర్మం మనది. కొనుక్కోలేని పిల్లల ముందు ఫోటోలు పెట్టి మురిసిపోవడం ఆ ధర్మానికి తగదు.

ఆ తండ్రికి చెప్పినది

“మీ అమ్మాయి తెలియక తిన్నది. తెలియక జరిగిన పొరపాటుకు పట్టుకోవద్దని వేడుకోవడం అల్లాహే మనకు నేర్పాడు (అల్ బఖరా – 286). అందులో హరామ్ ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఇకముందు అడిగి తినాలన్న నిర్ణయం చాలు. కాని ఆమె తనంతట తానే వచ్చి చెప్పిందే, అది ఆమె విశ్వాసానికి గుర్తు. మీరు కసురుకున్నది ఆ గుర్తునే. ఆ దుకాణం గడప తొక్కకపోవచ్చు. కాని ఊరి నిండా గడపలే. ప్రతి గడప దగ్గరా మీరు నిలబడలేరు. అడిగే ధైర్యం ఆమెలో ఉంటే మీరు నిలబడనవసరం లేదు” అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేనే తీసుకెళతాను. ఇద్దరం కలిసి అడుగుతాం” అన్నారు.

తల్లిదండ్రులారా! పిల్లలకు హరామ్‌ల జాబితా ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. అడిగే నోరు ఇవ్వండి, చెప్పుకునే చోటు ఇవ్వండి. బిడ్డలారా! బోర్డు మీది గడువు దాటిపోతే పోయేది ఒక రుచి. అడగకుండా తినే అలవాటు పడితే పోయేది అంతకన్నా విలువైనది.

ఇంట్లో చర్చించుకోండి

1. దబ్ మాంసం ఉదంతంలో ఇంటి స్త్రీలు చేసిన పని ఏమిటి? ఈ రోజు మన ఇళ్ళలో ఆ పని ఎవరు చేయాలి?
2. ‘నాకు నచ్చదు’, ‘ఇది హరామ్’ – ఈ రెంటిని మనం ఎక్కడ కలిపేస్తున్నాం?
3. గత నెలలో బయట తిన్న వాటిలో విచారించకుండా తిన్నవి ఏవి? ఎవరూ ఎవరినీ కసురుకోకుండా చెప్పుకోండి.

ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారంతో తృప్తి చెందే మనసునూ, తెలియనిది అడిగి తెలుసుకునే వినయాన్నీ అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.